ఒంటిచెవి పేర్రాజు గారు

ఆ వేసవిలో నేను పగ తీర్చుకున్నాను. తీర్చుకున్నందుకు నాకేమీ బాధ లేదు. చివరికి మనసు మారిందనీ, క్షమించేశాననీ రాస్తానని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. క్షమించడానికి మా ఇంట్లో నాన్నగారున్నారు. ఆ పని ఇంటికి ఒకరు చేస్తే చాలు.

మా ఊరు పేర్రాజుపేట. రామచంద్రపురం మీదుగా కోటిపల్లి వెళ్ళే రైలుదారిలో ఉంటుంది. ఎక్కడైనా ఊరు ముందు పుడుతుంది, రైలు తర్వాత వస్తుంది. మాకు స్టేషను ముందు, ఊరు తర్వాత. వరిచేల మధ్య ప్లాట్‌ఫారం కట్టాక ధాన్యం బస్తాలు ఎక్కించడానికి కొట్లు లేచాయి, కొట్ల చుట్టూ ఇళ్ళు లేచాయి. స్టేషనుకి స్థలం ఇచ్చిన పేర్రాజు గారి పేరే ఊరికి పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ అరవై ఏళ్ళకి గానీ వేయలేదు. ఇప్పుడు పొద్దున పూట ఒక్క బండి వస్తుంది. ఆ బండి తిరిగి వచ్చిన నెలలోనే మా అమ్మ కాంతమ్మ స్టేషను గేటు పక్కన టిఫిన్ కొట్టు పెట్టింది. ఇరవై ఏళ్ళు దాటింది. నిజం చెప్పాలంటే రైలు కోసం వచ్చేవాళ్ళకంటే అమ్మ పెసరట్టు కోసం స్టేషనుకి వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఈ ఏడు ఊరికి వందేళ్ళు నిండాయి. దాళ్వా కోతలు అవుతూండగానే ఉత్సవాలకి కమిటీ వేశారు. అధ్యక్షుడు మంగరాజు గారు. పేర్రాజు గారి మునిమనవడు, రైసుమిల్లు ఆసామి. స్టేషను ముందు పేర్రాజు గారి విగ్రహం పెట్టాలని తీర్మానం చేశారు. ఎక్కడంటే, సరిగ్గా అమ్మ కొట్టు ఉన్నచోట. అక్కడైతే రైలు దిగగానే కనపడతారట.

"వారం రోజులు ఆగండి, వేరే చోటు చూసుకుంటాను," అని అమ్మ అడిగింది. "ఆయ్, అలాగేనండీ," అన్నారు కమిటీవాళ్ళు. మర్నాడు పొద్దున ఏడింటికి, జనం తింటూండగానే, జేసీబీ వచ్చి నిలబడింది. అమ్మ పొయ్యి ఆర్పి పిండిగిన్నె ఎత్తుకుని బయటికి రాగలిగింది. పెనానికి మాత్రం టైమివ్వలేదు. రేకుల కింద నుంచి దాన్ని నేనే తీశాను. మధ్యకి వంగిపోయి ఉంది.

నాన్నగారు రిటైరైన పంతులు. ఎలీషా మాస్టారంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మంగరాజు గారి కొడుకు ప్రవీణ్ కుమార్‌కి ఎక్కాలు నేర్పింది ఆయనే. ఆ చనువుతో, ఒకసారి అడిగి చూద్దామన్నారు. స్కూటీ మీద నేనే తీసుకెళ్ళాను.

"రండి రండి మాస్టారూ," అన్నారు మంగరాజు గారు ఉయ్యాల బల్ల మీంచి లేవకుండా. మా గోదారి మర్యాద ఎప్పుడూ నోటిదగ్గర లోటు చేయదు. కుర్చీ దగ్గరకొచ్చేసరికే కాస్త తడబడుతుంది. అరుగు మీద మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నాన్నగారు మెట్టు మీద నిలబడ్డారు.

"చెప్పి తీయిస్తే బాగుండేదండీ. ఇరవై ఏళ్ళ కొట్టండి అది. పక్కనెక్కడైనా కాస్త చోటు చూపిస్తే..."

"ఊరి కోసం కదండీ మాస్టారూ! అసలు ఊరంటే ఎవరండీ? మా ముత్తాతగారు. ఆయన లేకపోతే స్టేషనేదీ, కొట్టేదీ?" మంగరాజు గారు పక్కనున్న కమిటీవాళ్ళ వైపు చూసి నవ్వేరు. "అయినా మీ తాత ఏసుపాదం ఎలాంటివాడండీ! మా ముత్తాతగారి చెప్పులు చంకలో పెట్టుకుని వెనకాల నడిచిన మనిషి. ఎంత విశ్వాసం! ఆ విశ్వాసం రెండు తరాలకే అరిగిపోతే ఎలాగండీ మరి?"

కమిటీవాళ్ళు నవ్వారు. నాన్నగారూ నవ్వారు. నా ఒళ్ళు మండింది అక్కడే. డెబ్బయ్యేళ్ళ మనిషి మెట్టు మీద నిలబడి, తనని తీసిపారేసినవాడితో కలిసి మర్యాద కోసం నవ్వడం నా కళ్ళతో చూశాను.

దారిలో వెనకనుంచి నా భుజం తట్టి, "పోనీలేమ్మా," అన్నారు. నేను పోనివ్వలేదు.

నాకు బజార్లో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు, పాస్‌పోర్టు ఫొటోలు, ఎలక్షన్లప్పుడు ఫ్లెక్సీలు. ఊళ్ళో ఇంకో స్టూడియో ఉంటే మంగరాజు గారు నా గుమ్మం ఎక్కేవారు కాదు. కొట్టు పీకించిన పదిరోజులకి ఏమీ జరగనట్టు వచ్చి, చంకలోంచి ఓ పాత ఫొటో ఫ్రేము తీసి బల్లమీద పెట్టారు.

"అటక మీద దొరికిందమ్మా క్రిస్టీనా. మా ముత్తాతగారి ఫొటో ఇదొక్కటే. కొత్తపేట శిల్పికి పంపాలి. మొహం బాగా కనపడేలా చేసి పెట్టు."

చేయనని మొహం మీద చెప్పేయొచ్చు. కానీ కాదంటే కక్ష బయటపడుతుంది. కక్ష అన్నది పచ్చడి జాడీ లాంటిది, ఊరేదాకా మూత తీయకూడదు. "ఆయ్, అలాగేనండీ," అన్నాను.

మొదటి రైలు వచ్చిన రోజు ఫొటో అది. ఇంజనుకి అరటిబోదెలు కట్టి ఉన్నాయి. టోపీ పెట్టుకున్న తెల్లదొర, ఆయన పక్కన నల్లకోటు, జరీ తలపాగాతో ఒక మనిషి. స్కాన్ చేసి కంప్యూటర్లో పెద్దది చేశాను. ముందు చేతులు చూశాను. కోటు చేతులు మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయాయి. తన కొలతకి కుట్టించుకున్న కోటు ఎవరికీ అంత పొట్టిగా ఉండదు. తర్వాత కాళ్ళు. చెప్పుల్లేవు. వేళ్ళు విడివిడిగా, బురదలో నడిచి నడిచి విచ్చుకున్న కాళ్ళు. ఆ తర్వాత ఎడమ చెవి దగ్గర ఆగిపోయాను. సగం లేదు.

నాన్నగారు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చారు. బల్ల మీద పెట్టబోయి తెర వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"తాత," అన్నారు.

నేను కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాను.

"గిత్త పొడిచిందమ్మా ఆ చెవి. మా నాయనమ్మ రోజూ చెప్పేది. రైలొచ్చిన రోజు దొర ఫొటో తీస్తానన్నాడంట. ఫొటో దిగితే ఆయుష్షు తరుగుతుందని పేర్రాజు గారికి హడలు. దొరకి కాదని చెప్పలేరు కదా. కోటూ తలపాగా విప్పి మా తాతకి తొడిగి, 'నువ్వు నిలబడరా ఏసుపాదం' అని పంపేసి, తను ఎడ్లబండి చాటున కూర్చున్నారంట. చెప్పులు మాత్రం ఇవ్వలేదంట. తన చెప్పుల్లో ఇంకొకడు కాళ్ళు పెట్టడమేంటని. మేం నవ్వేసేవాళ్ళం. ముసల్ది కోతలు కోస్తోందనుకునేవాళ్ళం." నాన్నగారు వేలు చాచి తెర మీది చెవిని తాకారు. "నిజమేనే."

క్యారేజీ బల్ల మీద పెడుతూ ఆయనే అన్నారు. "మంగరాజు గారికి చెప్పేద్దామమ్మా. విగ్రహం చేయించేశాక తెలిస్తే నలుగురిలో తల ఎత్తుకోలేరు పాపం."

"పాపమా?"

"పరువు ఎవరిదైనా పరువే కదా."

"అమ్మది?"

కొట్టు పోయిన దగ్గర్నుంచీ అమ్మ అలవాటు చొప్పున నాలుగింటికే లేచి, చేయడానికి పని లేక, తెల్లారేదాకా వాకిట్లో కూర్చుంటోంది. వంగిన పెనాన్ని పారేయనివ్వలేదు. ఇరవై ఏళ్ళు ఊరందరినీ పేరుపేరునా పలకరించిన మనిషి ఇంట్లో మాతో కూడా మాట్లాడడం మానేసింది. అది నాన్నగారికి తెలుసు.

"మీరు వెళ్ళి ఆయనకి చెప్తే, నేను మీతో మళ్ళీ మాట్లాడను," అన్నాను. అంత మాట ఆయన్ని ఎప్పుడూ అనలేదు. నాన్నగారు క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి నా ముందు పెట్టి, "చల్లారిపోతుంది, తిను," అని వెళ్ళిపోయారు. ఎవరికీ చెప్పలేదు. నాకోసం ఊరుకున్నారో, తాతని అంతెత్తున నిలబడి ఉండగా చూడాలనిపించి ఊరుకున్నారో నేను అడగలేదు.

మర్నాడు మంగరాజు గారు వచ్చి తెర మీదికి వంగారు.

"ఈ చెవేంటమ్మా ఇలా ఉంది? చెదపురుగు కొట్టిందా? సరిచేసెయ్."

కుడి చెవిని తీసి ఎడమవైపు అతికించడానికి నాకు రెండు నిమిషాలు పట్టదు. మౌస్ మీద నా చెయ్యి ఉంది.

"ఫొటోకి ఏమీ కాలేదండీ. ఆయన చెవే అలా ఉందండీ. మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదాండీ?"

ఇది మాత్రం న్యాయంగానే అడిగాను. ఆయన మేనత్త వీరాయమ్మ గారు తొంభై దాటి ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ మంచం దగ్గరకి వెళ్ళి ఒక్క మాట అడిగితే అంతా తేలిపోయేది. కానీ ఊరి పెద్దమనిషి ఓ ముసలావిడని అడిగి తెలుసుకోవడమేమిటి?

"ఒకరు చెప్పేదేంటమ్మా! మా రక్తం మాకు తెలీదా?" అన్నారు.

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను.

రెండు రోజులకల్లా కథ తయారై వచ్చింది. పట్టాలు దొంగిలించడానికి వచ్చిన ముఠాని పేర్రాజు గారు ఒక్కరే కర్రతో తరిమేశారట. ఆ కత్తివేటుకి చెవి తెగిందట. ఎవరు చెప్పారని నేనడగలేదు, ఊళ్ళోనూ ఎవరూ అడగలేదు. పైగా తలా ఓ దొంగని కలిపారు. ముగ్గురుగా మొదలైన ముఠా వారం తిరిగేసరికి పాతికమందయింది.

"చెవి ఉన్నది ఉన్నట్టే చెయ్యమని శిల్పికి గట్టిగా చెప్పమ్మా," అన్నారు మంగరాజు గారు. "ఆ వట్టి కాళ్ళు కూడాను. భూమాత మీద చెప్పులేసుకుని నడవని మహానుభావుడాయన."

మరి మా ముత్తాత చంకలో పెట్టుకుని మోసిన చెప్పులెవరివండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అందుకని అక్కడో బోర్డు పెట్టిద్దాం. 'పాదరక్షలు విప్పి నమస్కరించవలెను' అని. పెద్దక్షరాలతో వెయ్యి."

నా జీవితంలో ఏ పెళ్ళి ఆల్బమూ అంత శ్రద్ధగా చేయలేదు. ఎండకి వెలిసిపోని రంగు వేశాను. వానకి తుప్పు పట్టని రేకు మీద అచ్చు వేయించాను.

రోహిణి కార్తె ఎండలో ఉత్సవం జరిగింది. రైలింజనుకి మళ్ళీ అరటిబోదెలు కట్టారు. బడిపిల్లలు అట్టపెట్టెలతో రైలు చేసి ఊరేగారు. ముందు గరగల నాట్యం, వెనక బాజాలు. జిల్లా పెద్దలంతా వేదిక మీదున్నారు. వీడియో తీసేది నేనే కాబట్టి నన్ను ఎవరూ వెనక్కి జరగమనలేదు. విగ్రహానికి మూడు బారల దూరంలో నిలబడ్డాను.

ముసుగు తీశారు. కొత్తపేట పనితనానికి దణ్ణం పెట్టాలి. ఆ చెవి, ఆ విచ్చుకున్న కాలివేళ్ళు, పొట్టి చేతుల కోటు, అన్నీ ఉన్నాయి. మా నాన్నగారు పడుకుని నిద్రపోతున్నప్పుడు ఎలా ఉంటారో ఆ మొహం అచ్చం అలా ఉంది. ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదు. ఎవరో కుర్రాడు "ఒంటిచెవి పేర్రాజు గారికీ..." అన్నాడు. జనమంతా జై కొట్టారు.

మంగరాజు గారు మైకు పట్టుకుని దొంగల కథ చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. "నా ఊపిరున్నంతవరకూ ప్రతిరోజూ పొద్దున్నే, ఈ రైలు టైముకి, ఈ పాదాలకి నమస్కరించాకే మిల్లుకి వెళ్తానండీ. ఇది నా ప్రతిజ్ఞ," అన్నారు. చప్పట్లు ఆగలేదు. మైకు పక్కన పెట్టి, చెప్పులు విప్పి, గజమాల రెండు చేతులా ఎత్తారు.

అప్పుడే వీరాయమ్మ గారిని చక్రాల కుర్చీలో విగ్రహం దగ్గరికి తీసుకొచ్చారు. ఇంటి పెద్ద దిక్కు కదా, అక్షింతలు వేయించాలని. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. మొహం విప్పారింది.

"ఒరే మంగా! మన ఏసుపాదాన్ని నిలబెట్టేవేంట్రా!"

బాజాల మోతలో అది ఆయనకీ నాకూ తప్ప వినపడలేదు.

"అత్తయ్యా, ఈయన ముత్తాతగారే," అన్నారు ఆయన వంగి.

"మా తాతయ్య ఫొటో దిగితే కదరా! కోటు మా తాతయ్యదే. మనిషి ఏసుపాదం. నన్ను భుజాల మీద ఎక్కించుకుని రైలు చూపించేవాడు. పడిపోతానని ఆ చెవి పట్టుకునేదాన్ని." ఆవిడ రెండు చేతులూ జోడించారు. "మంచి పని చేసేవురా నాయనా."

నేను కెమెరా ఆయన మొహం మీదికి జూమ్ చేశాను. మంగరాజు గారు చెవి వంక చూశారు. కాళ్ళ వంక చూశారు. తర్వాత జనంలో ఎవరికోసమో వెతికి, చివరికి నా వైపు తిరిగారు. నేను కెమెరా దించలేదు. నవ్వలేదు కూడా.

"కానివ్వండి మంగరాజు గారూ, ఎండగా ఉంది," అన్నారు వేదిక మీంచి ఎవరో పెద్దమనిషి.

ఆయన దండ వేశారు. వంగి పాదాలు ముట్టుకున్నారు. ఆ వెనక ప్రవీణ్ కుమార్, కోడలు దుర్గాశ్రీ, అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు. మొత్తం పదిహేడుమంది వట్టికాళ్ళతో వరసగా వచ్చి మా ముత్తాత కాళ్ళకి మొక్కారు. ఒక్కరినీ వదలకుండా తీశాను. జనం చివర అమ్మా నాన్నగారూ నిలబడి ఉన్నారు. నాన్నగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. అమ్మ ఏడవలేదు. పొద్దున్నే అమ్మకి అంతా చెప్పాను. నెలన్నర తర్వాత ఆ మొహంలో మళ్ళీ కొట్టులో ఉన్నప్పటి వెలుగు చూశాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సిగ్గుపడకుండా చెప్తున్నాను.

మూడోరోజు మంగరాజు గారు స్టూడియోకి వచ్చారు. ఒక్కరే. గుమ్మం దగ్గర ఆగారు.

"క్రిస్టీనా గారూ."

గారు అన్నారు. నేను కుర్చీ చూపించాను. మా ఇంట్లో అలవాటు అది. ఆయన కూర్చోలేదు.

"మీకు ముందే తెలుసాండీ?"

"ఆయ్. తెలుసండీ."

"మరి చెప్పలేదేంటండీ?"

"అడిగేను కదండీ, మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా అని. మీ రక్తం మీకు తెలుసన్నారు."

ఆయన కాసేపు గోడ మీది పెళ్ళి ఫొటోలు చూశారు. "అత్తయ్యకి మతి సరిగ్గా లేదని ఇంట్లో చెప్పేనండీ. ఇంకెవరికీ తెలీదు. విగ్రహం... ఏదో ఒకటి చెప్పి తీయించేస్తే..."

"తీయించండి. ఎందుకు తీయించేరో ఊరికి చెప్పాలి కదండీ. ఆ చెవి గురించి మీరు చెప్పింది జిల్లా పెద్దలంతా విన్నారు. వీడియో కూడా చాలా బాగా వచ్చిందండీ. మీ ఇంటిల్లిపాదీ పడ్డారు. ఒక కాపీ ఇమ్మంటారా?"

"వద్దండీ," అన్నారు గబుక్కున. గొంతు తగ్గించారు. "ఏం కావాలండీ మీకు?"

"అమ్మ రేపట్నుంచి కొట్టు పెడుతోందండీ. విగ్రహం పక్కనే. ఎవరైనా అడ్డొస్తే మీరు చెప్పండి."

"అంతేనాండీ?" ఆయన మొహంలోకి ప్రాణం లేచొచ్చింది.

"అంతేనండీ. మీరు మాత్రం రోజూ నమస్కారానికి రావడం మానకండి. ప్రతిజ్ఞ చేసేరు కదా. ఒక్కరోజు మానినా, ఎందుకు మానేరని కొట్టుకొచ్చే నలుగురూ నన్ను అడుగుతారు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదండీ."

మర్నాడు అమ్మ కొత్త పెనం పొయ్యి మీద పెట్టింది. వంగిన పెనాన్ని కొట్టు ముందు మేకుకి తగిలించింది. ఎందుకమ్మా అంటే, "ఉండనీ, వచ్చేవాళ్ళు చూస్తారు," అంది. నా తల్లి అని అప్పుడు నమ్మకం కుదిరింది. రైలు టైమయింది. ప్లాట్‌ఫారం నిండా జనం. మంగరాజు గారి కారు వచ్చి ఆగింది.

బెంచీ మీద కూర్చున్న నాన్నగారు అలవాటుగా లేవబోయారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"విగ్రహం కింద పలక మీద తాత పేరు లేదు కదమ్మా," అన్నారు నాన్నగారు మెల్లగా.

"పేరు సంగతి తర్వాత చూద్దాం నాన్నగారూ. ముందు కూర్చుని చూడండి."

మంగరాజు గారు నేను వేసిన బోర్డు ముందు ఆగారు. చెప్పులు విప్పి మా కొట్టు పక్కగా పెట్టారు. కొత్త చెప్పులు, తోలువి. వెళ్ళి వంగి ఆ వట్టికాళ్ళు రెండు చేతులతోనూ ముట్టుకున్నారు. లేస్తూ ఒకసారి చెప్పుల వైపు చూసుకున్నారు.

"చెప్పులకేం భయం లేదండీ మంగరాజు గారూ," అన్నాను, అందరికీ వినపడేలా, మర్యాదగా. "మేం చూస్తూ ఉంటాం. మావాళ్ళకి అలవాటేనండీ."

ఆయన తల ఎత్తలేదు.

"ఆయ్," అన్నారు.